గొడుగు అడుగున మనుషులు

నా బొమ్మల బల్ల ముందు ఆగిన పిల్లలు చాలామంది అడిగేది ఒకటే. "ఆంటీ, ఎర్ర టోపీకి తెల్ల చుక్కలుంటాయే, అది లేదా?" వాళ్ళు చదివే కథల పుస్తకాల్లో, ఫోన్‌లో పంపుకునే ఎమోజీల్లో, 1985 నుంచీ నడుస్తున్న సూపర్ మారియో ఆటలో పుట్టగొడుగంటే అదే మరి. ఉందని చెప్పి వెనక వరసలోంచి తీసి చేతికిస్తాను. బొద్దు బుగ్గల పాప, నెత్తిన ఎర్ర గొడుగు, దాని మీద సమానంగా పెట్టిన గుండ్రటి చుక్కలు. నేను మొదట్లో చేసిన రకం అది. ఆ పాపంటే నాకిప్పటికీ ఇష్టమే. ఆ పాప దగ్గర మొదలైన నా పని, ముందు వరసలో నిలబడ్డ ముసలమ్మల దాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే పుట్టగొడుగు గురించి చాలా చెప్పాలి. నాకు బొమ్మల పనిలో సగం నేర్పింది అదే.

నేను చేసేవి జానెడు లోపు బొమ్మలు. పుట్టగొడుగు కాడ ఒంటి నిలువవుతుంది. గొడుగు ఒకసారి తలపాగా, ఒకసారి కొప్పు, ఒకసారి నిజంగానే గొడుగు. ఏ జాతి పుట్టగొడుగు ఎలా పుడుతుందో, ఎలా నిలబడుతుందో, ఎలా పోతుందో చూసి, ఆ స్వభావానికి ఒక మనిషిని వెతుకుతాను. ముందు మనిషిని అనుకుని నెత్తిన గొడుగు పెట్టడం మానేసి చాలాకాలమైంది.

ఆ ఎర్రదాని సంగతి ముందు చెబుతాను. దాని శాస్త్రీయ నామం అమనిటా మస్కేరియా. విషపుది. ఉత్తరార్ధగోళంలోని చలి అడవుల్లో బర్చ్, పైన్ వంటి చెట్ల వేళ్ళతో పొత్తు పెట్టుకుని బతుకుతుంది. చెట్టు దానికి చక్కెరలు ఇస్తుంది, అది చెట్టుకు నేలలోని నీటినీ ఖనిజాలనూ అందిస్తుంది. దక్షిణాదిలో ఊటీ, కొడైకెనాల్ వైపు, బయటి దేశాల నుంచి తెచ్చి నాటిన పైన్ తోటల్లో అది కనిపిస్తుంది. నేనుండే విజయవాడ చుట్టుపక్కల దానికి పొత్తు కుదిరే చెట్టే లేదు.

దాని మీది తెల్ల చుక్కలు ఎక్కడివో తెలిసిన రోజు నుంచి నా పని మారడం మొదలైంది. నేలలో ఉన్నప్పుడు ఆ మొగ్గను నిలువెల్లా ఒక తెల్లటి పొర కప్పి ఉంచుతుంది. లోపలి గొడుగు ఉబ్బుతూ పైకి వచ్చేకొద్దీ ఆ పొర సాగి, చిరిగిపోతుంది. చిరిగిన పేలికలు గొడుగుకు అంటుకుని మిగిలిపోతాయి. అవే చుక్కలు. గట్టి వాన కురిస్తే కొట్టుకుపోయి, కింద ఉత్త ఎర్రటి గొడుగు మిగులుతుంది. అది చదివాక కుంచెతో చుక్కలు పెట్టబుద్ధి కాలేదు. తెల్ల బంకను పల్చగా ఒత్తి, ఎర్ర గొడుగు మొత్తానికీ కప్పి, అప్పుడు లోపలి నుంచి బొటనవేలితో నెట్టాను. పొర పగిలింది. నడినెత్తిన పెద్ద పేలికలు, అంచుకు వచ్చేసరికి చిన్నవి, ఒకచోట అసలు లేవు. ఆ పాప ఎక్కడి నుంచో అప్పుడే బయటికి వచ్చినట్టు ఉంది. ముఖం మాత్రం పాతదే, నవ్వుతూ. దేన్నో చీల్చుకుని వచ్చిన పిల్ల ముఖం అలా ఉండదనిపించి కళ్ళు సగం మూశాను, పెదవులు బిగించాను. ఒక పుట్టగొడుగు పొర నా బొమ్మ ముఖాన్ని మార్చడం అదే మొదలు.

తర్వాత మన గొడుగుల వైపు తిరిగాను. మా అమ్మమ్మగారిది కృష్ణా డెల్టాలో వరి ఊరు. తొలకరికి తడిసిన గడ్డివాము మొదట్లో వరిగడ్డి పుట్టగొడుగులు లేచేవి. ముదురు బూడిద రంగు గుడ్ల ఆకారంలో ఉన్నప్పుడే అమ్మమ్మ కోసేది. "విచ్చుకుంటే రుచి పోద్ది, గుడ్డుగా ఉన్నప్పుడే తేవాలమ్మాయ్," అనేది. నేనేమో ఒకటి రెండు వదిలెయ్యమని బతిమాలి, సాయంత్రం వెళ్ళి చూసేదాన్ని. గుడ్డు పైభాగం చీలి, కాడ సాగి, గొడుగు విప్పుకుని ఉండేది. చిరిగిన గుడ్డు పెంకు కాడ మొదట్లో గిన్నెగా మిగిలేది. వోల్వేరియెల్లా అన్న దాని శాస్త్రీయ నామం ఆ గిన్నె మీదే వచ్చింది. ఆ గిన్నెను నేను బొమ్మల్లో చాలా వాడాను. పుట్టింటి గడపలో నిలబడ్డ కొత్త పెళ్ళికూతురి సిరీస్ అంతా ఆ గిన్నెలోంచి లేచిందే.

ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మనవైపు పెద్దవాళ్ళు గట్టిగా నమ్ముతారు. జపాన్‌లో ఇవాతే విశ్వవిద్యాలయం పరిశోధకులు పుట్టగొడుగులు పెంచే దుంగలకు కృత్రిమ మెరుపును, అంటే అధిక వోల్టేజి విద్యుత్తును క్షణకాలం తగిలిస్తే కొన్ని రకాల దిగుబడి పెరిగిందని చూపించారు. రాత్రికి రాత్రే లేవడం వెనక మరో కారణం ఉంది. గొడుగు, కాడ, అన్నీ సూక్ష్మరూపంలో నేలలోనే తయారై ఉంటాయి. వాన పడగానే ఆ కణాలు నీళ్ళు పీల్చుకుని సాగుతాయి. కొత్తగా కట్టుకోవలసింది తక్కువ, విప్పుకోవలసిందే ఎక్కువ. అసలు ప్రాణి ఎప్పుడూ కిందే ఉంటుంది. కుళ్ళిన గడ్డిలో, చెక్కలో, మట్టిలో అల్లుకున్న తెల్లటి సన్నని దారాల వల అది. మైసీలియం అంటారు. మన కంటికి కనబడే గొడుగు ఆ వల కాసిన కాయ.

ఆ కాయ పనేమిటో తెలియాలంటే తిప్పి అడుగు చూడాలి. రైతుబజారులో దొరికే పాల పుట్టగొడుగు ఒకటి తెచ్చి తిరగేయండి. కాడ చుట్టూ అంచు దాకా పరుచుకున్న సన్నని రేకులు కనిపిస్తాయి. కుచ్చిళ్ళు పోసిన పట్టులంగాను తలకిందులుగా చూసినట్టుంటుంది. ఆ రేకుల రెండు ముఖాల మీదా పుట్టగొడుగుకు విత్తనాల్లాంటి సిద్ధబీజాలు పుడతాయి. విచ్చుకున్న గొడుగును కాడ తీసేసి, రేకులు కిందికి వచ్చేట్టు కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి కాగితం మీద ఆ రేకుల ముగ్గు పడి ఉంటుంది. అది సిద్ధబీజాల పొడి. పాల పుట్టగొడుగు పొడి తెలుపు, వరిగడ్డిది గులాబీ, బాగా విచ్చుకున్న బటన్ పుట్టగొడుగుది చాక్లెట్ రంగు. సగం తెల్లటి, సగం నల్లటి కాగితం వాడితే ఏ రంగైనా బయటపడుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఒక్కసారి చేయించండి. బడిలో బొమ్మల క్లాసు తీసుకున్నప్పుడల్లా నేను మట్టి ముట్టుకోకముందే ఇది చేయిస్తాను.

ఈ రేకుల మధ్య ఖాళీ మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. కెనడాలో పనిచేసిన రెజినాల్డ్ బుల్లర్ అనే శాస్త్రవేత్త 1909లో మొదలుపెట్టి సంపుటాలకు సంపుటాలు శిలీంధ్రాల మీద రాశాడు. సిద్ధబీజం మొదట్లో ఒక సూక్ష్మమైన నీటి బొట్టు ఊరుతుంది. ఆ బొట్టు బీజం మీది తడిలో కలిసిపోయిన క్షణాన బీజం ఎగిరి రెండు రేకుల నడుమకు వస్తుంది. ఎదుటి రేకును తగలకుండా ఆగి, అక్కడి నుంచి నిట్టనిలువునా కిందికి జారి గాలిలో పడుతుంది. ఇప్పటికీ ఆ బొట్టును బుల్లర్ బొట్టు అనే పిలుస్తారు. ఇదంతా జరగాలంటే రేకులు సరిగ్గా నిలువుగా వేలాడాలి. గొడుగు కాస్త పక్కకు ఒరిగినా బీజాలు రేకులకే అంటుకుపోతాయి. అందుకే పుట్టగొడుగుకు బరువు ఎటు లాగుతోందో తెలుస్తుంది. దుంగ దొర్లినా, నేల జారినా, కాడ కొన్ని గంటల్లో వంగి గొడుగును మళ్ళీ సమంగా నిలబెడుతుంది. 1993లో అంతరిక్షనౌకలో ఒక రకం పుట్టగొడుగులను పెంచి చూశారు. భూమి ఆకర్షణ తెలియని ఆ చోట అవి ఎటు పడితే అటు పెరిగాయి.

ఈ సంగతి నేను పుస్తకంలో చదవడానికి ముందే ఒక రైతు షెడ్డులో కళ్ళారా చూశాను. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేలాడదీసిన గడ్డి సంచుల్లోంచి అన్ని పక్కలకూ పొడుచుకొస్తాయి. సంచి పక్క నుంచి వచ్చింది పైకి వంగుతుంది, అడుగు నుంచి వచ్చింది మెలి తిరుగుతుంది, గొడుగులు మాత్రం అన్నీ ఒకే తీరున రేకులు నేల వైపు పెట్టుకుని ఉంటాయి. ఆ షెడ్డులో నిలబడి నాకు రామప్ప గుడి గుర్తొచ్చింది. 1213లో కట్టిన ఆ గుడి చూరు కింద మదనికలున్నాయి కదా. నడుము ఒక వైపు, భుజం ఒక వైపు ఒరిగి, ఒళ్ళంతా వంపులు తిరిగినా ఆ నల్లరాతి స్త్రీల తూకం ఎక్కడా చెడదు. నా బొమ్మలు అప్పటిదాకా నిటారుగా, కర్ర పాతినట్టు ఉండేవి. ఆ రోజు నుంచి కాడను వంచడం మొదలుపెట్టాను. ముందు గొడుగును సమంగా ఒక తీగకు బిగిస్తాను. తర్వాత కాడ మొదలు ఏ వాలులో నాటాలో నిర్ణయించుకుంటాను. ఆ రెండింటి మధ్య ఒళ్ళు తన దారి తాను వెతుక్కోవాలి. అలా చేసిన మొదటి బొమ్మ నెత్తిన గంపతో గట్టు దిగుతున్న మనిషి. గట్టు వాలుగా ఉంది, కాళ్ళు వాలుకు తగ్గట్టున్నాయి, గంప మాత్రం తొణకలేదు. చేపలమ్మే ఆవిడ ఒకరు దాన్ని చూసి, "ఈమెకి నడవటం వచ్చమ్మా," అన్నారు. నా పనికి దొరికిన మెప్పుల్లో నేను దాచుకున్నది అదొకటి.

అడుగు చూడడం వల్ల బొమ్మ మారిన మరో మనిషి ఉన్నారు. పీటర్ రాబిట్ కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్. కుందేళ్ళ కథలతో పేరు రాకముందు, 1890ల్లో, ఆమె వందల కొద్దీ పుట్టగొడుగుల చిత్రాలు వేశారు. స్కాట్లండ్‌లోని పెర్త్‌షైర్‌లో చార్లెస్ మెకింతోష్ అనే పోస్ట్‌మన్ ఉండేవాడు. ఉత్తరాలు పంచుతూ నడిచే దారుల్లో మొక్కలనూ శిలీంధ్రాలనూ పరిశీలించి గొప్ప జ్ఞానం సంపాదించినవాడు. అందంగా వెయ్యడం ఆమెకు అప్పటికే వచ్చు. కోసి లోపల చూపించమని, రేకులు కాడకు ఎలా అతుక్కున్నాయో వెయ్యమని ఆయన సలహా ఇచ్చాడు. ఆయన నమూనాలు పంపేవాడు, ఆమె చిత్రాలు వేసి పంపేది. సిద్ధబీజాలు మొలకెత్తడం మీద ఆమె రాసిన పత్రాన్ని 1897 ఏప్రిల్ 1న లండన్ లిన్నియన్ సొసైటీలో మరొకరు సమర్పించారు. ఆడవాళ్ళకు అక్కడి సమావేశాల్లోకి ప్రవేశం లేదు. వందేళ్ళకు, 1997లో, ఆ సంస్థ తప్పు ఒప్పుకుంది. ఆమె మరణించాక 1967లో వచ్చిన ఒక శిలీంధ్రాల పుస్తకంలో ఆమె చిత్రాలు వాడుకున్నారు. 1903లో పీటర్ రాబిట్ గుడ్డబొమ్మను స్వయంగా కుట్టి పేటెంట్ తీసుకున్నదీ ఆమే. ఆ కథల్లోని కుందేళ్ళు చొక్కాలు తొడుక్కున్నా కుందేళ్ళలాగే కూర్చుంటాయి, ఎముకలు ఉన్న చోటే ఉంటాయి. ఆ నిక్కచ్చితనం పుట్టగొడుగులను కోసి చూసిన రోజుల్లో గట్టిపడిందని నా నమ్మకం.

మనిషినీ పుట్టగొడుగునూ ఒకే బొమ్మలో కలపడం మాత్రం చాలా పాతది. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా కొండసీమల్లో రాతి పుట్టగొడుగులు దొరికాయి. రెండు వేల ఏళ్ళకు పైబడినవి. చాలావరకు అడుగు ఎత్తుకు అటూ ఇటూ ఉంటాయి. పైన గుండ్రటి గొడుగు, కింది కాడ మీద మనిషి ముఖమో, కూర్చున్న మనిషో, కప్పో, చిరుతజాతి జంతువో చెక్కి ఉంటుంది. కమినల్‌హుయు అన్న చోట తొమ్మిది చిన్న రాతి గొడుగులు, వాటితో పాటు తొమ్మిది నూరుడు రాళ్ళు ఒకేచోట దొరికాయి. పూజలో వాడేవారని కొందరు పండితులు, అసలవి పుట్టగొడుగులే కావని మరికొందరు వాదించారు. వాటి ఫొటోలు నా బల్ల ఎదుటి గోడకు అంటించి ఉంటాయి. గొడుగు బరువు కింద ఆ రాతి మనిషి నలగడు, దాన్ని మోస్తున్నట్టూ ఉండడు. అదెలా సాధించారో అని చూస్తూ ఉంటాను. కాడ మందం, మెడ లేకుండా గొడుగును నేరుగా భుజాల మీద పెట్టడం, ఆ రెండే కిటుకులని ఇప్పటికి నాకు అర్థమైంది. కేరళలో త్రిశ్శూర్ దగ్గర అరియన్నూరులోనూ, చేరమనంగాడులోనూ ఉన్న బృహచ్ఛిలా యుగపు రాళ్ళు కూడా దూరం నుంచి ఎర్రమట్టి నేలలో లేచిన పుట్టగొడుగులే. నిజానికి అవి చనిపోయినవారి కోసం నిలిపిన గొడుగు రాళ్ళు. నాలుగు పలకలు ఒకదానికొకటి ఒరిగి నిలబడి పైనున్న గుండ్రటి రాతిని మోస్తాయి. పుట్టగొడుగును చూసి చెక్కినవి కాకపోయినా, బరువు ఎలా నిలబెట్టాలో చెప్పే బడి నాకు అదీ ఒకటి.

ఇక సరుకు సంగతి. ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. నేను మొదలుపెట్టింది పాలిమర్ క్లేతో. మట్టి అంటారు గానీ ఇందులో మట్టి ఉండదు. పీవీసీ పొడిని మెత్తబరిచే ద్రవంతో కలిపిన ముద్ద. గాలికి ఆరదు, పొయ్యి వేడికి గట్టిపడుతుంది. జర్మనీ నుంచి వచ్చే ఫిమోకు 110 డిగ్రీలు, అమెరికా స్కల్పీకి 135 డిగ్రీల సెల్సియస్ దాకా కావాలి. మాడితే హాని చేసే పొగ వస్తుంది. కాబట్టి ఓవెన్ థర్మామీటరు కొనకుండా ఈ పని మొదలుపెట్టవద్దు, వంట చేసే ఓవెన్‌నే దీనికీ వాడవద్దు. లోపల ఇనుప తీగ, దాని చుట్టూ బిగించి చుట్టిన అల్యూమినియం రేకు, ఆ పైన క్లే. గొడుగు అడుగున రేకులు గీయడానికి సన్న సూది చాలు. కేంద్రం నుంచి అంచుకు గీయాలి. ముందు నిండు రేకులు, తర్వాత వాటి సందుల్లో అంచు దగ్గర మాత్రమే ఉండే పొట్టి రేకులు. నిజం పుట్టగొడుగులో అలాగే ఉంటాయి. గొడుగు వెడల్పయ్యే చోట ఖాళీ పెరగకుండా ఆ పొట్టివి వచ్చి చేరతాయి. ఇది గమనించకుండా గీసిన రేకులు చక్రం ఆకుల్లా కనిపిస్తాయి. రంగుకు మెత్తటి సుద్ద పొడిని కాల్చకముందే కుంచెతో అద్దితే చర్మంలో కలిసినట్టుంటుంది.

క్లేలో పట్టు వచ్చాక నాకు ఒక కొరత తోచింది. ముట్టుకుంటే ప్రతి బొమ్మా ఒకటే నునుపు. చెక్క మీద పెరిగిందీ, పేడ మీద పెరిగిందీ వేలికి ఒకే తీరున తగిలేవి. విజయవాడకు కొండపల్లి ఎంత దూరమని? అక్కడ బొమ్మలు చేసే ఒక తాతగారి ఇంటి అరుగు మీద కూర్చుని పని నేర్చుకున్నాను. తెల్ల పొణికి చెక్క చేతిలో పెడితే బరువే తెలియదు. దాన్ని వేడి చూపించి తేమ పోగొట్టి, ఉలితో చెక్కి, విడివిడి ముక్కలను మక్కుతో అతికి, సున్నం పూసి, అప్పుడు రంగు వేస్తారు. మక్కు అంటే చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి నూరిన ముద్ద. ఏనుగు తొండం అతకడానికీ, తాటిచెట్టు మట్టలు నిలబెట్టడానికీ అదే. నేను గొడుగు మొత్తం చెక్కలోనే పల్చగా తియ్యాలని కూర్చుంటే తాతగారు చూసి, "అంచు దాకా చెక్కనే లాక్కెళ్ళమాకమ్మా. నడిమికి చెక్క, అంచుకి మక్కు. చెక్కకి ఎక్కడ ఆగాలో నువ్వు చెప్పాలి," అన్నారు. మక్కు ఆరాక కొద్దిగా గరుకుగా, రంపపు పొట్టు నారలు కనబడుతూ ఉంటుంది. పుట్ట మీద లేచే గొడుగుల చర్మానికి అంతకన్నా దగ్గరైనది నాకు మరోటి దొరకలేదు.

ఆ పుట్ట గొడుగులు, టెర్మిటోమైసిస్ జాతివి, చెదపురుగుల పెంపకం. చెదలు నమిలి తెచ్చిన ఆకునూ కట్టెనూ పుట్ట లోపలి గదుల్లో మెత్తటి గుల్లగా పేర్చి, దాని మీద ఈ శిలీంధ్రాన్ని సాగు చేసుకుంటాయి. కట్టెలోని గట్టి పదార్థాన్ని అది జీర్ణం చేసి పెడుతుంది. వానలు పడ్డాక లోపలి గది నుంచి ఒక పొడవైన వేరులాంటి కాడ మట్టిని చీల్చుకుంటూ పైకి వస్తుంది. గొడుగు నడినెత్తిన గట్టిగా, మొనదేలిన బుడిపె ఉంటుంది. మట్టిని పొడవడానికి అదే గునపం. చెదలు లేకుండా మనుషులు దీన్ని తోటల్లో పండించే దారి ఇంకా దొరకలేదు. నా బొమ్మల్లో ఇవి బావి తవ్వే మనుషులయ్యారు. నేల మట్టానికి పైన కనిపించేది నాలుగు వేళ్ళే. కింద, పీటను చీల్చుకుని, అంతకు మూడింతల పొడవున కాళ్ళు దిగి ఉంటాయి. అందుకే వాటిని బల్ల మీద పెట్టలేను, గోడకు తగిలిస్తాను.

చెక్కకూ మక్కుకూ లొంగనిది ఒకటుంది. వెదురు పొదల్లో వానాకాలం తెల్లారుజామున లేచే జాలీ లంగా పుట్టగొడుగు. ఫాలస్ ఇండూసియాటస్. దీనికి రేకులు లేవు. తల మీద జిగురు, ఆ జిగురుకు కుళ్ళిన వాసన. ఈగలు వచ్చి వాలి బీజాలను మోసుకుపోతాయి. తల కింద నుంచి తెల్లటి జాలీ గంటల వ్యవధిలో విప్పుకుని నేల దాకా దిగుతుంది. చైనాలో దీన్ని సాగు చేసి తింటారు. ఆ జాలీ క్లేతో చేస్తే మొద్దుగా వచ్చింది. చివరికి నరసాపురం లేసు అల్లే ఒక అక్కను అడిగాను. "ఇంత చిన్న లంగానా? ఏ దేవుడికమ్మా?" అన్నారు. పుట్టగొడుగు ఫొటో చూపించాక ఆవిడే ఆలోచించి, కింది కన్నాలు పెద్దవి, పైవి చిన్నవి వచ్చేట్టు సన్న దారంతో అల్లారు. తెల్ల జిగురు నీళ్ళలో ముంచి, బోర్లించిన గరాటు మీద ఆరబెడితే నిలబడింది. ఆ బొమ్మ కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

ముసలమ్మల దగ్గరికి వస్తాను. వరిగడ్డి పుట్టగొడుగులు పెంచే రైతులకు ఒక కలుపు గొడుగు బాగా తెలుసు. బూడిద రంగులో, సన్నగా, పొద్దున లేచి సాయంత్రానికి నల్లగా కారిపోయేది. సిరా గొడుగుల జాతి. అవి కుళ్ళిపోవడం లేదు, తమను తామే కరిగించుకుంటున్నాయి. వాటి రేకులు మరీ దగ్గరగా ఉంటాయి. అంచు దగ్గర బీజాలు ముందు పండి రాలతాయి. పని అయిపోయిన ఆ అంచు కరిగి, పైకి చుట్టుకుని, తర్వాతి వరసకు గాలి తగిలే దారి ఇస్తుంది. అలా అంచు నుంచి నడినెత్తి దాకా. గొడుగు మొత్తం కరిగేసరికి బీజాలన్నీ వెళ్ళిపోయి ఉంటాయి. ఆ నల్లటి ద్రవాన్ని పూర్వం ఐరోపాలో సిరాగా వాడారు. నేనూ గాజు గిన్నెలో పట్టి, లవంగ నూనె చుక్క వేసి, దానితోనే ఆ బొమ్మల నమూనాలు గీశాను. గోధుమ ఛాయ నలుపు అది.

అమ్మమ్మ చివరి రోజుల్లో ఇంట్లో ఒక్కొక్కటే అందరికీ పంచేసింది. రోలు ఒకరికి, ఇత్తడి బిందె ఒకరికి, కమ్మలు మా అమ్మకు, విత్తనాల డబ్బా పక్కింటివాళ్ళకు. ఆ పంచడంలో ఆవిడ ముఖంలో ఉన్న తొందర, సంతోషం నేను మరిచిపోలేను. సిరా గొడుగును చూసిన వానాకాలంలోనే అర్థమైంది ఆ ముఖాన్ని ఎక్కడ పెట్టాలో. ముసలమ్మ సిరీస్‌లో అందరి ఒళ్ళూ నిటారే. చీర అంచు నుంచి మాత్రం కరగడం మొదలవుతుంది, ఒకామెకు పాదాల దగ్గర, ఒకామెకు నడుము దాకా, ఇంకొకామెకు భుజాల దాకా. ముఖాలు ఏవీ దిగులుగా ఉండవు. చేతులు చాచి ఉంటాయి, ఏదో ఇస్తూ. కరిగే అంచుకు మక్కులో లక్క కలిపి, వేడి చేసి కారనిచ్చాను. ఎక్కడ ఆగాలో అది తనే నిర్ణయించుకుంది. ఇవి ఇంట్లో పెట్టుకోకూడదని కొందరు వెనక్కి పెట్టేస్తారు. తల్లినో అమ్మమ్మనో తలచుకుని చాలాసేపు నిలబడేవాళ్ళూ ఉన్నారు. నేను ఇప్పటిదాకా చేసినవాటిలో ఇవే నాకు అన్నిటికన్నా దగ్గర.

నమూనాల కోసం బయటికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. చూడండి, గీయండి, ఫొటో తీయండి, తెలియనిది నోట్లో పెట్టవద్దు. వానలకు పచ్చిక మైదానాల్లో లేచే పెద్ద తెల్ల గొడుగు, క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్, చూడటానికి తినేరకంలాగే ఉంటుంది. తింటే తీవ్రమైన వాంతులు, విరేచనాలు. దాని సిద్ధబీజాల పొడి ఆకుపచ్చ. ప్రాణం తీసే మరికొన్ని అమనిటాలు తెల్లగా, ముద్దుగా ఉంటాయి. వండితే వాటి విషం పోదు.

ఇప్పుడు బల్ల మీదున్న పని ఎండిన మామిడి కొమ్మల మీద పెరిగే చీలిక రేకుల గొడుగు, స్కిజోఫిల్లమ్ కమ్యూన్. బొటనవేలి గోరంత ఉంటుంది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. మణిపూర్‌లో వండుకుంటారు. దాని ప్రతి రేకూ నిలువునా రెండుగా చీలి ఉంటుంది. ఎండ కాస్తే ఆ రెండు సగాలూ వెనక్కి చుట్టుకుని బీజాలు పుట్టే ముఖాన్ని మూసేస్తాయి. వాన పడితే మళ్ళీ తెరుచుకుంటాయి. ఏళ్ళ తరబడి ఎండిపోయి ఉన్నా తడి తగిలితే లేస్తుంది. తడిపితే చేతులు విప్పే బొమ్మ చెయ్యాలని నా ఆశ. పొణికి చెక్క నుంచి తీసిన పల్చటి పొరకు ఒక వైపు మాత్రమే లక్క పూస్తే, పూయని వైపు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, పొర వంగుతుంది. నారకు ఏ దిక్కున కోశామన్నదాన్ని బట్టి వంపు మారుతుంది. నిలువు నార పొరలు కదలలేదు. అడ్డంగా కోసినవి బాగానే వంగుతున్నాయి గానీ ఆరాక పూర్తిగా వెనక్కి రావడం లేదు. ఏటవాలుగా కోసినవి కొన్ని దాచి ఉంచమని కొండపల్లి తాతగారికి చెప్పి వచ్చాను.